పలక మీద మూడొందల పదిహేడు

కొబ్బరిపాలలో కూర ఉడికించుకుని తినేవాళ్ల దేశం ఒకటుందని పోయినేడు ఉగాది దాకా నాకు తెలియదు. వానాకాలం వచ్చేసరికి ఆ కూర నా బిడ్డను ఎత్తుకుపోయింది.

దీప మాకు ఒక్కగానొక్క కూతురు. ఇరవై ఏడేళ్లది. డిగ్రీలో తనతో చదివిన రుఖయ్యాతో కలిసి ఉగాదికి గోదావరిఖని లక్ష్మీనగర్‌లో థాయి హోటల్ పెట్టింది. రుఖయ్యా తండ్రి బద్రుద్దీన్ దుబాయిలో ఒక థాయి హోటల్లో పదహారేళ్లు వంట చేసి వచ్చినవాడు. పనితనం ఆయనది, తెగింపు ఈ పిల్లలది. "మన ఖనిల కొబ్బరిపాల కూర ఎవడు తింటడే" అని నవ్విన కాలనీయే రెండు నెలలు తిరక్కముందే ఆదివారమొస్తే ఆ హోటల్ ముందు లైను కట్టింది. డ్యూటీ దిగినవాళ్లు, ఆఫీసువాళ్లు, పిల్లాజెల్లాతో వచ్చినవాళ్లు, అందరూ ముక్కులు తుడుచుకుంటూ ఆ కారపు సూపు తాగేవాళ్లు.

మా ఆయన గట్టయ్య బాయి పని చేస్తాడు. బొగ్గు గనిని మా దగ్గర బాయి అంటాం. ముప్పై రెండేళ్లుగా భూమి లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. మోకాళ్లు పోయాయి, నడుము పోయింది. దవాఖానలో పరీక్ష చేసి అన్‌ఫిట్ అని రాస్తే ఆ నౌకరి కూతురికి వస్తుంది. అయితే సర్వీసు ఇంకా కొంత మిగిలి ఉండగానే కాయితాలు పెట్టుకోవాలి. మాకు సెప్టెంబరు పద్దెనిమిది ఆఖరు తారీఖు. ఆషాఢంలో ఒకరోజు పొద్దున ఆయన తన సంతకం పెట్టిన కాయితం తెచ్చి దీప ముందర పెట్టాడు. కింద దీప సంతకం కూడా కావాలి.

"నాకొద్దు బాపు," అంది దీప.

"ఏమొద్దు?"

"బాయి నౌకరి. నాకు హోటలున్నది."

"హోటలా! బంగారమసొంటి నౌకరి కాళ్లకాడికొస్తే తన్నుకుంటవా? నేను నడుము ఇరగ్గొట్టుకున్నది ఎవ్వలకోసమే?"

"ఇరగ్గొట్టుకోమని నేనన్ననా?"

ఆ మాట అనకూడదు. అన్నాక దానికీ తెలిసింది. మా ఆయన మొహం నల్లబడింది.

"అయితే నీ హోటల్‌కే పో. ఈ ఇంట్లకెళ్లి ఎవ్వలు అటు పోవద్దు. నేను ఆ గడప తొక్కిన్నా, నా పేరు గట్టయ్యే కాదు!"

దీప రెండు జతల బట్టలు సంచిలో కుక్కుకుని హోటల్ మీది గదిలో ఉండటానికి వెళ్లిపోయింది. ఇద్దరిదీ ఒకటే మొండితనం, కొలిచి పోసినట్టు. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు గానీ, ఆ వానాకాలమంతా దురద నాదే. దీప పళ్లెం కడిగి బోర్లించిన చోట్నే ఉంది. అన్నం వడ్డించేటప్పుడు చెయ్యి దానిమీదికే పోయేది.

పదకొండు రోజులు పళ్లు బిగబట్టి ఉన్నాను. పన్నెండోనాడు మా ఆయన ఫస్ట్ షిఫ్టులో ఉండగా మధ్యాహ్నం ఆ కాయితం సంచిలో పెట్టుకుని, గొడుగు పట్టుకుని, నేనే వెళ్లాను. బతిమాలి సంతకం పెట్టించుకొస్తానని మనసుకు సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. బిడ్డను చూడాలనిపించి వెళ్లాను.

హోటల్లో అందరిలాగే ఒక బల్ల ముందు కూర్చున్నాను. దీప వంటగదిలోంచి చూసింది. చూసి, నేను ఎవరో కొత్త గిరాకీ అయినట్టు, ఆర్డరు రాసుకునే పుస్తకం పట్టుకుని వచ్చింది.

"ఏం తింటరు?"

"ఏమున్నయమ్మా?" అన్నాను నేనూ, తక్కువ తినకుండా.

"సూపున్నది. నిమ్మగడ్డి, అల్లమసొంటి దుంప, పచ్చిమిరపకాయ, రొయ్యలు."

"అదే తే."

తెచ్చి పెట్టింది. ఆవిరి మొహానికి తగిలింది. పులుపు, కారం, తడిసిన గడ్డి వాసన. నేను చెంచా ముట్టుకోలేదు. గిన్నెను చూస్తూ కూర్చున్నాను. దాన్ని చూడాలంటే సిగ్గు, చూడకపోతే వచ్చినందుకు ఫలితం లేదు. వంటగదిలోకీ బయటికీ తిరుగుతుంటే దాని మెడ మీద చెమట, జుట్టుకు కట్టుకున్న గుడ్డ, కాలిన చెయ్యి, ఇవన్నీ దొంగచూపులు చూశాను. సూపు చల్లారింది. పైన నూనె తేలింది.

బద్రుద్దీన్ భాయికి ఇది తలవంపుగా తోచింది. వంటగది నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏం చెల్లె, నా సూపుల ఏం కమ్ పడ్డది? గంట సేపాయె, గిన్నెతోని ముచ్చట పెడుతున్నవు."

నేను జవాబు చెప్పేలోపల దీప వెనక నుంచి అంది. "ఆమె తినది చాచా. మా బాపు బాయిల ఉన్నడు."

మా అత్త లింగవ్వ పెట్టిపోయిన నియమం అది. ఇంటి మనిషి బాయి దిగితే, పైకి వచ్చి ఇల్లు చేరేదాకా ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టకూడదు. "మనిషి మన్ను కింద ఉండంగ మెతుకు గొంతు ఎట్ల దిగుతదే?" అనేది. ఫస్ట్ షిఫ్టైతే మూడు దాటాకే మా మధ్యాహ్నం అన్నం. సెకండ్ షిఫ్టైతే మా రాత్రి అన్నం పదకొండు తర్వాతే.

"మాకు రంజాన్ల నెల రోజులే రోజా. మీకు ఏడాదంతానా చెల్లె!" అని బద్రుద్దీన్ భాయి గిన్నె తీసుకుని వెళ్లిపోయాడు.

దీప నిలబడే ఉంది.

"నువ్వు తిన్నవా?" అన్నాను.

అది గోడ వైపు చూసింది. గడియారం కింద క్యాలెండర్ ఉంది. వారం వారం మా ఆయన షిఫ్టు మారుతుంటుంది కదా, ఆ క్యాలెండర్ మీద పెన్నుతో వారానికొక గుర్తు. ఫస్ట్, సెకండ్, నైట్. సెప్టెంబరు దాకా రాసి పెట్టుకుంది.

"మూడు గాలే గదవ్వా," అంది.

వంద మందికి వండి పెట్టే పిల్ల, కడుపు మాడ్చుకుని మూడు గంటల బాయి సైరన్ కోసం చూస్తోంది. ఆ రోజు నేను కాయితం బయటికి తియ్యలేదు. దారిపొడుగునా గొడుగు ముడిచే నడిచాను, ఏడుపు వానలో కలిసిపోతుందని.

అప్పటి నుంచి అదే నా తీర్థయాత్ర. ఫస్ట్ షిఫ్టు వారం మధ్యాహ్నం, సెకండ్ షిఫ్టు వారం సాయంత్రం. ఒక గిన్నె సూపు తెప్పించుకుంటాను, తాగను. ఇద్దరం ఇంటి మాట ఎత్తం. "వానకు మిరపకాయ ధర పెరిగింది" అంటుంది. "నీ చెయ్యికి వెన్న రాయి" అంటాను. కాయితం సంచిలో మడతలు అరిగిపోయేదాకా నాతోనే తిరిగింది.

నైట్ షిఫ్టు వారం వచ్చిందంటే మాత్రం నాకు వనవాసం. ఆయన పగలంతా ఇంట్లోనే పడుకుంటాడు, నేను ఎటు కదలను? పైగా ఆ వారాల్లో ఇంకో దిగులు పట్టుకుంది. బాయికి కట్టిచ్చే టిఫిను డబ్బా పొద్దున తెరిస్తే అన్నం అన్నం లాగే ఉండేది. కూర కూర లాగే ఉండేది.

"తినలేదేందయ్యా?"

"ఆకలి గాలే."

"పెయి మంచిగ లేదా? దవాఖానకు పోదమా?"

"నీకేం పని లేదా ఫికర్ చేసుడు తప్ప!"

షిఫ్టు పదకొండుకైతే ఏడింటికే వెళ్లిపోయేవాడు, యూనియన్ ఆఫీసులో మీటింగు అని. బిడ్డ మీది బెంగతో తిండి మానేశాడనుకున్నాను. ఒకరిమీద ఒకరికి ప్రాణం, ఒకరి మొహం ఒకరు చూడరు. ఈ మనిషి ఇలాగే కృశించి ఏ రోజో లోపల కూలబడితే ఏం గతి అని నాకు భయం పట్టుకుంది.

శ్రావణంలో అలాంటి నైట్ షిఫ్టు వారంలోనే ఒక సాయంత్రం ఆగలేకపోయాను. దీపను చూసి ఆరు రోజులు. ఆయన ఏడింటికి సంచి తగిలించుకుని పోగానే నేనూ తలుపు దగ్గరికి వేసి బయల్దేరాను.

ఆ వేళకు హోటల్ కిటకిటలాడుతోంది. లోపల జాగా లేకపోతే బయట గోడకు తగిలించిన పలక మీద పేరు, ఎంతమందో రాసి నిలబడాలి. రుఖయ్యా వచ్చి వరసగా పిలుస్తుంది. నేనూ నా పేరు రాద్దామని సుద్దముక్క తీసుకున్నాను. అప్పటికే ఉన్న పేర్లు చదివాను. సదానందం, నలుగురు. మల్లక్క, ఆరుగురు. ఆ కింద పేరు లేదు. 317, ఒకరు.

సుద్దముక్క చేతిలోనే ఉండిపోయింది.

బాయి దిగే ముందు ప్రతి మనిషీ తన నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ల లైట్ల గదిలో ఇచ్చి, తలకు పెట్టుకునే లైటు తీసుకుంటాడు. పైకి వచ్చాక లైటిచ్చి బిళ్ల తీసుకుంటాడు. షిఫ్టు అయిపోయినా బిళ్ల అక్కడే వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క. ముప్పై రెండేళ్లుగా దసరా దసరాకు నేను చింతపండుతో తోమిన మా ఆయన బిళ్ల నంబరు అది. నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

"మూడొందల పదిహేడు!" అని పిలిచింది రుఖయ్యా.

ఆగి ఉన్న ఆటో చాటుకు పోయాను. పాన్‌డబ్బా కప్పు కింద నుంచి మా ఆయన వచ్చాడు. గడప దగ్గర ఆగి, అలవాటు చొప్పున పైకప్పు వైపు ఒకసారి చూసుకుని, లోపలికి పోయి మూల బల్ల దగ్గర కూర్చున్నాడు. కిటికీలోంచి అంతా కనిపిస్తోంది. దీప సూపు తెచ్చి పెట్టింది. తర్వాత అన్నం, పచ్చని కూర. ఆయన తల ఎత్తలేదు. అది దూరం పోలేదు. రెండడుగుల అవతల గోడకానుకుని, ఆయన తింటుంటే చూస్తూ నిలబడింది. ఆయన చెంచా పక్కన పెట్టి చేత్తో కలుపుకుని, పళ్లెం నాకినంత పని చేశాడు.

ముందు నాకు కోపమొచ్చింది. ఇంట్లో నేను వండిన అన్నం ముట్టడు, ఇక్కడ వేళ్లు చీకుతున్నాడు! నేను ఎదురుగా గిన్నె పెట్టుకుని వాసన చూస్తూ చచ్చే చోట ఈయన కడుపారా తిని పోతున్నాడు. దొంగ! తర్వాత, ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచినప్పుడు దీప తన భుజం మీది తువ్వాల అందించింది. ఆయన తుడుచుకుని తిరిగిచ్చాడు. ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు. అది చూసి నా కోపం కరిగిపోయింది.

ఆయన పోయాక రుఖయ్యాను పట్టుకున్నాను.

"ఎన్నొద్దుల సంది వస్తున్నడు?"

"నైట్ షిఫ్టు వారమంతా రోజూ వస్తరు ఆంటీ, జూలై సంది. మీకు చెప్పొద్దని దీప నా మీద ఒట్టేయించుకున్నది. పేరేందని అడిగితే నంబరే చెప్తరు. దీపతోని ఒక్క మాట మాట్లాడరు, తిని పోతరు."

గడప తొక్కితే నా పేరు గట్టయ్యే కాదన్నాడు కదా. మాట తప్పలేదు మహానుభావుడు.

ఆ రోజు దీపను చూడకుండానే ఇంటికి వచ్చేశాను. మరునాడు సాయంత్రం డబ్బా కడిగి, తుడిచి, ఒక్క మెతుకు వెయ్యకుండా మూత బిగించి సంచిలో పెట్టిచ్చాను. సంచి అందుకుంటూ ఒక్క క్షణం ఆగాడు. బరువు తెలియని మనిషా ఆయన? సంచి భుజానికి తగిలించుకుని వెళ్లిపోయాడు. పొద్దున ఆ ఖాళీ డబ్బానే తెచ్చి గట్టు మీద పెట్టాడు.

"కూర ఎట్లున్నది?" అన్నాను.

"మంచిగున్నది," అన్నాడు, గోడ వైపు తిరిగి చొక్కా విప్పుకుంటూ.

సెప్టెంబరు పద్దెనిమిది గురువారం పడింది. ఆయనకు సెకండ్ షిఫ్టు. రెండింటికి బయల్దేరుతూ చెప్పుల దగ్గర వంగాడు. వంగినవాడు లేవడానికి గోడ పట్టుకున్నాడు.

"కాయితం ఏడున్నది?"

"నా సంచిల."

"ఆఫీసు ఐదింటికి బందయితది," అని మాత్రం అని పోయాడు. పొమ్మనలేదు, వద్దనలేదు. భారమంతా నా సంచిలో వేసి పోయాడు.

మూడున్నరకు నేను హోటల్లో ఉన్నాను. గిరాకీ పలచగా ఉంది. బద్రుద్దీన్ భాయి అడక్కుండానే సూపు గిన్నె పంపాడు. దీప వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆ వానాకాలంలో అది నా బల్ల దగ్గర కూర్చోవడం అదే మొదలు. నేను కాయితం తీసి దాని ముందు పెట్టాను. అది చదవలేదు. చేతులు గుడ్డకు తుడుచుకుంది.

"ఏడ పెట్టాలె సంతకం?"

నేను దాని మొహం చూశాను.

"బాపు గడప ఎక్కేటప్పుడు నడుము పట్టుకుంటున్నడవ్వా. చూస్తుంటే నాకు పానం పోతున్నది. నేను పెడితే ఆయన పైకి వస్తడు గద. హోటల్ రుఖయ్యా చూసుకుంటది. పెన్నియ్యి."

పెన్ను నా సంచిలో ఉంది. సంచిలో చెయ్యి పెట్టాను. సంతకం పెడితే ఆయన పైకి వస్తాడు, నా బిడ్డ బాయి హాజరు బుక్కులోకి ఎక్కుతుంది. పెట్టకపోతే ఆయన ఇంకా కొన్నాళ్లు ఆ నడుముతోనే దిగాలి. ఎటు చూసినా నా వాళ్లెవరో ఒకరు లైట్ల గదిలో ఆ బిళ్ల ఇవ్వాలి. కానీ కిటికీలోంచి చూసిన బిడ్డ కళ్లలో మెదిలింది. గోడకానుకుని, ఒక మనిషి తృప్తిగా తింటుంటే కడుపు నిండినట్టు నిలబడ్డ బిడ్డ. ఆ పళ్లెం ఖాళీ చేసిన మనిషి కూడా మెదిలాడు. నైట్ షిఫ్టు వారమంతా రోజూ వచ్చి తిన్నాడే గానీ ఒక్క రోజు కూడా సంతకం మాట అడగలేదు.

సంచిలోంచి చెయ్యి ఖాళీగానే తీశాను. సూపు గిన్నె ఎత్తి కాయితం మీద పెట్టాను. గిన్నె ఒలికింది.

"అవ్వా! కాయితం!"

"గిన్నె కాలుతున్నది బిడ్డా. బల్ల ఖరాబయితది. కింద ఏదన్న ఉండాలె."

అది గిన్నె వైపు, నా వైపు చూసింది. తర్వాత లేచి వంటగదిలోకి వెళ్లిపోయింది. ఉల్లిగడ్డలు కోస్తున్న చప్పుడు ఆగి ఆగి వినిపించింది. ఐదు దాటేదాకా నేను అక్కడే కూర్చున్నాను.

మరునాడు పొద్దున మా ఆయన చాయ్ తాగుతూ అడిగాడు.

"కాయితం ఇచ్చినవా?"

"తడిసింది."

"వానకా?"

"కాదు, పులుసుకు."

చాయ్ గ్లాసు కింద పెట్టాడు. అరుస్తాడనుకున్నాను. ముప్పై రెండేళ్ల నౌకరి ఆయనతోనే తెగిపోతుందని ఇద్దరికీ తెలుసు. మోకాళ్లు రుద్దుకున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు కూడా, నేను చూడనట్టే ఉన్నాను. చివరికి మెల్లగా అన్నాడు.

"అది పులుసు కాదే. సూపు. తాగితే గద నీకు తెలిసేది."

ఆదివారం వచ్చింది. బాయికి సెలవు. పదకొండింటికి బియ్యం కడగబోతుంటే వెనక నుంచి, "పొయ్యి మీద ఏం పెట్టకు," అన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ముసురు పడుతోంది. ఒకే గొడుగు కింద ఇద్దరం నడిచాం. ఎటు పోతున్నామని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

హోటల్ ముందు పెద్ద లైను. పలక దగ్గర ఆయన సుద్దముక్క తీసుకుని నావైపు చూశాడు. నేనే ఆ ముక్క లాక్కుని రాశాను. 317, ఇద్దరు.

ఒంటిగంట దాటింది. పిలవడానికి రుఖయ్యా రాలేదు. దీప వచ్చింది. పలక మీది వరస పైనుంచి చదువుకుంటూ వచ్చి మా నంబరు దగ్గర ఆగింది. చదివింది. మళ్లీ చదివింది. బొటనవేలితో ఇద్దరు అన్న మాట తుడిచేసి, ముగ్గురు అని రాసింది.

దీప ఇంటికి రాలేదు. ఇప్పటికీ ఆ మీది గదిలోనే ఉంటోంది. దాని పళ్లెం మా ఇంట్లో బోర్లించే ఉంది, చెయ్యి ఇప్పటికీ దానిమీదికి పోతుంది. మా ఆయన ఇంకా బాయి దిగుతూనే ఉన్నాడు, మేం అవ్వాబిడ్డలం ఎవరికి వాళ్లం సైరన్ కోసం చూస్తూనే ఉన్నాం. కానీ ఆ ఆదివారం మూల బల్ల దగ్గర మూడు గిన్నెలు వచ్చాయి. దీప మా ఎదురుగా కూర్చుని చెంచా అందుకుంది. అలవాటు కొద్దీ గడియారం వైపు చూసింది. ఒంటిగంటన్నర. చెంచా గాలిలోనే ఆగిపోయింది.

"తిను బిడ్డా," అన్నాడు వాళ్ల బాపు. జేబులోంచి ఇత్తడి బిళ్ల తీసి బల్ల మీద, దాని గిన్నె పక్కన పెట్టాడు. "ఇయ్యాల మనోళ్లు ఎవ్వలు లోపల లేరు."

అది తల వంచుకుని తాగింది. నేనూ గిన్నె ఎత్తాను. వానాకాలమంతా వాసన మాత్రమే చూసిన ఆ సూపు అప్పుడు నా గొంతు దిగింది.